ఫ్రాన్సులో పాత ఇంటి వైరింగ్‌ను సొంతంగా మార్చుకునేవారు నిబంధనలను ఏ క్రమంలో నేర్చుకోవాలి?

లియోన్ దగ్గర 1960ల నాటి ఇల్లు కొన్నానని, గోడలు ఎలాగూ విప్పుతున్నాను కనుక వైరింగ్ కూడా సొంతంగానే మార్చుకోవాలని ఉందని, ఇళ్ల వైరింగ్‌కు ఫ్రాన్సు పాటించే ఎన్‌ఎఫ్ సి 15-100 ప్రమాణం చదవబోతే పట్టికల దగ్గరే ఆగిపోయానని మీరు రాశారు. చిన్నప్పుడు తెనాలిలో మేనమామగారి వెంట వైరింగ్ పనులకు తిరిగిన అనుభవం ఉందనీ చెప్పారు. ఆ అనుభవం పైపులు వేయడంలో, వైరు లాగడంలో మీకు ఎంతో అక్కరకు వస్తుంది. అయితే రెండు మూడు చోట్ల అదే అలవాటు ప్రాణం మీదికి తెచ్చే అవకాశం ఉంది కనుక ఆ సంగతి కూడా విడిగా రాస్తాను. విద్యుత్ పనిలో చాలాకాలంగా ఉన్నవాడిగా, ఇదే దేశంలో సొంత ఇంటి వైరింగ్ చేసుకుని తనిఖీకి నిలబెట్టినవాడిగా నేను చెప్పేది ఒక్కటే: పట్టికలతో మొదలుపెట్టకండి. ఈ ప్రమాణంలోని ప్రతి అంకె వెనుకా ఒక లెక్కో, ఒక ప్రమాదమో ఉంది. దాన్ని పట్టుకుంటే అంకె దానంతటదే గుర్తుంటుంది. పట్టుకోకుండా బట్టీ పడితే, పట్టికలో లేని పరిస్థితి ఎదురైన రోజున ఏం చేయాలో తోచదు.

ముందుగా చట్టం సంగతి. ఫ్రాన్సులో సొంత ఇంట్లో వైరింగ్ చేసుకోవడానికి లైసెన్సు అవసరం లేదు. కానీ పని ఎవరు చేసినా ఫలితం ప్రమాణానికి తగ్గట్టే ఉండాలి. 1972 డిసెంబరు 14 నాటి డిక్రీ ప్రకారం కొత్త ఇళ్లకూ, సరఫరా సంస్థ కరెంటు ఆపేసిన తరువాత పూర్తిగా కొత్త వైరింగ్ వేసిన పాత ఇళ్లకూ వైరింగ్ భద్రతను తనిఖీ చేసే కోన్సుయెల్ అనే సంస్థ ఆమోదించిన ధ్రువపత్రం ఉంటేనే సరఫరా సంస్థ ఎనెదిస్ కరెంటు ఇస్తుంది. ఇళ్లకు వాడే ధ్రువపత్రం పసుపు రంగులో ఉంటుంది; పని చేసింది మీరే అయితే సంతకం చేయవలసిందీ మీరే. కరెంటు కనెక్షన్ కొనసాగుతుండగానే ఒక్కో గదినీ మార్చుకుంటూ పోతే ఆ ధ్రువపత్రం తప్పనిసరి కాదు. కనుక మీరు నిర్ణయించుకోవలసిన మొదటి విషయం, మీది ఈ రెండింటిలో ఏ దారి అన్నదే. గోడలన్నీ విప్పుతున్నాను అన్నారు కాబట్టి కరెంటు ఆపించి, మొత్తం ఒకేసారి చేసి, తనిఖీ చేయించుకునే దారే మీకు మేలని నా అభిప్రాయం. తనిఖీ అధికారి రావడాన్ని భారంగా చూడకండి. ఒంటరిగా పని చేసుకునేవారికి రెండో జత కళ్లు దొరికే అవకాశం అదొక్కటే.

ఇక్కడ చాలామంది కలగాపులగం చేసే రెండు మాటలున్నాయి. ఒకటి మీజ్ ఆఁ సెక్యురితే, అంటే పాత వైరింగ్‌లోని ప్రాణాంతక లోపాలను తొలగించి ఇంటిని భద్రమైన స్థితికి తేవడం. రెండోది మీజ్ ఆఁ కోన్ఫోర్మితే, అంటే ప్రస్తుత ప్రమాణంలోని ప్రతి నిబంధనకూ సరిపోయేలా చేయడం. ప్రమాణం వెనుకటి ఇళ్లకు వర్తించదు. 1960లలో కట్టిన ఇంట్లో పడకగదికి ఒకే సాకెట్ ఉందని ఎవరూ మిమ్మల్ని నిలదీయరు. అయితే పదిహేనేళ్లు దాటిన వైరింగ్ ఉన్న ఇంటిని అమ్మేటప్పుడు విద్యుత్ డయాగ్నస్టిక్ నివేదిక ఇవ్వడం తప్పనిసరి కనుక, ఇల్లు కొన్న నాడే నోటరీ మీకిచ్చిన కాగితాల కట్టలో అది ఉండి తీరాలి. ఎన్‌ఎఫ్ సి 15-100 తెరవకముందే ఆ నివేదికను పూర్తిగా చదవండి. ఇంటి మొత్తానికీ కరెంటు ఆపే మీట చేతికి అందేలా ఉందా, ఎర్త్‌తో పాటు దానికి తగిన డిఫరెన్షియల్ రక్షణ (కరెంటు దారి తప్పి కారితే సరఫరా తెంచేది) ఉందా, ప్రతి సర్క్యూట్‌కూ వైరు మందానికి తగిన ఫ్యూజో బ్రేకరో ఉందా, స్నానాల గదిలో లోహపు గొట్టాలన్నీ ఒకదానితో ఒకటి కలిపి ఉన్నాయా, కాలం చెల్లిన సామగ్రి గానీ చేతికి తగిలే కరెంటు భాగాలు గానీ ఉన్నాయా, వైర్లకు పైన రక్షణ ఉందా అన్నవే అందులో పరిశీలించే ముఖ్యాంశాలు. ఈ కొద్ది ప్రశ్నలూ మీకు పాఠ్యక్రమం లాంటివే. ప్రమాణంలోని వందల పేజీలు వీటికి వివరణలే.

ఏ కూర్పు చదువుతున్నారో కూడా చూసుకోవాలి. 2002 నాటి కూర్పు మీద 2015లో వచ్చిన ఐదో సవరణే చాలాకాలం నడిచింది. 2024 ఆగస్టులో ప్రమాణాన్ని పూర్తిగా పునర్వ్యవస్థీకరించి, అనేక భాగాలుగా ప్రచురించారు. నివాస గృహాల నిబంధనలకు అందులో ప్రత్యేక భాగమే ఉంది. ఏడాది గడువు తరువాత, 2025 సెప్టెంబరు నుంచి కొత్త పనులకు ఈ కూర్పే ఆధారం. పాత పుస్తకాల దుకాణంలో చవకగా దొరికే గైడ్లలో చాలావరకు 2015 నాటివో, అంతకుముందువో ఉంటాయి. సూత్రాలు తెలుసుకోవడానికి అవి పనికొస్తాయి, కొలతలు మాత్రం కొత్తదానితో సరిచూసుకోండి. అసలు ప్రమాణాన్ని ఫ్రాన్సు ప్రమాణాల సంస్థ అఫ్నోర్ దగ్గర డబ్బు పెట్టి కొనవలసి ఉంటుంది; ఒక్క ఇంటి కోసం కొనమని నేను చెప్పను. ప్రోమోతెలెక్ సంఘం ప్రచురించే గైడ్లు, లెగ్రాఁ, ష్నైడర్, హాగర్ వంటి తయారీదారులు ఇచ్చే పుస్తికలు, కోన్సుయెల్ వారు తరచుగా కనబడే లోపాల గురించి ఇచ్చే వివరణలు కలిపి చదివితే ఒక ఇంటికి చాలినంత దొరుకుతుంది. తయారీదారుల పుస్తికలు తమ సరుకును అమ్ముకోవడానికి రాసినవే అయినా బొమ్మలు మాత్రం చాలా స్పష్టంగా ఉంటాయి.

ఇక అసలు చదువు. మొదట ఎర్త్, దాని వెంటే డిఫరెన్షియల్. ఈ రెండూ అర్థం కానంతవరకు సాకెట్ల లెక్క జోలికి పోవద్దు.

ఫ్రాన్సులో ఇళ్లకు వాడే పద్ధతిలో ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర న్యూట్రల్‌ను సరఫరా సంస్థ భూమికి కలుపుతుంది, మీ ఇంటి ఎర్త్‌ను మీరు విడిగా మీ నేలలో దింపుకుంటారు. మీ వాషింగ్ మెషీన్ లోపల ఫేజ్ వైరు ఒరిసిపోయి డబ్బాకు తగిలిందనుకోండి. ఆ కరెంటు మీ ఎర్త్ గుండా నేలలోకి దిగి, మట్టిలో నుంచే ట్రాన్స్‌ఫార్మర్‌కు తిరిగి చేరాలి. మీ ఎర్త్ నిరోధం 100 ఓములు ఉంటే 230 వోల్టులకు ప్రవహించేది రెండు ఆంపియర్ల పైచిలుకు మాత్రమే. 20 ఆంపియర్ల బ్రేకరుకు అది లెక్కలోకే రాదు, అది పడదు. డబ్బా మాత్రం కరెంటుతో అలాగే నిలిచి ఉంటుంది, తడి చేతితో తాకినవారి గతి ఏమిటో నేను చెప్పనక్కరలేదు. ఎంసీబీ, అంటే ఈ మామూలు బ్రేకరు, ఉంటే చాలు, షాక్ కొట్టదు అని మన ఊళ్లలో చాలామంది నమ్ముతారు. ఆ నమ్మకాన్ని ముందుగా వదిలించుకోండి. ఎంసీబీ వైరును కాపాడుతుంది, మనిషిని కాదు. వెళ్లిన కరెంటూ తిరిగి వచ్చిన కరెంటూ సమానంగా ఉన్నాయా అని చూసి, తేడా 30 మిల్లీఆంపియర్లకు చేరేలోపే సరఫరా తెంచేసే డిఫరెన్షియల్ పరికరమే మనిషిని కాపాడేది.

100 ఓములన్న అంకె కూడా ఇక్కడి నుంచే వచ్చింది. మీటరు పక్కనుండే ప్రధాన బ్రేకరుకు సాధారణంగా 500 మిల్లీఆంపియర్ల డిఫరెన్షియల్ ఉంటుంది. పొడి చోట మనిషి తాకినా ప్రమాదం లేదని ప్రమాణం అంగీకరించే వోల్టేజి 50. యాభైని అర ఆంపియరుతో భాగిస్తే వంద ఓములు. ప్రధాన బ్రేకరు 300 మిల్లీఆంపియర్లదైతే ఇదే లెక్క 167 ఓములని చెబుతుంది. ఇలా ఒక్క భాగహారంతో ఎర్త్ అధ్యాయం సగం అర్థమైపోతుంది.

ఎర్త్ ఉందో లేదో కంటితో చూసి నిర్ధారించలేము. మీ ఇంటి నేలమాళిగలోనో, గ్యారేజీలోనో గోడ అడుగున చిన్న డబ్బా కోసం వెతకండి. మూత తీస్తే వేలెడంత లోహపు పట్టీ, దానికి రెండు వైపులా బిగింపులు కనిపిస్తాయి. ఒక వైపు నుంచి నేలలోకి దిగే లావుపాటి రాగి, రెండో వైపు నుంచి ఇంట్లోకి వెళ్లే పచ్చ-పసుపు తీగ ఉంటాయి. దాన్ని కొలత కోసమే పెట్టారు. ప్రధాన బ్రేకరు దించి, ఎవరూ ఎక్కించకుండా తాళం వేసి లేదా మనిషిని నిలబెట్టి, అప్పుడే పట్టీ విప్పండి. ఎర్త్ టెస్టరుతో నేల వైపు కొలిచి, తిరిగి బిగించిన తరువాతే బ్రేకరు ఎక్కించండి. పరికరం అద్దెకు దొరుకుతుంది. 1960ల నాటి ఇళ్లలో ఆ పట్టీకి పచ్చగా చిలుం పట్టి, అంటుకుని ఉన్నట్టే కనిపిస్తూ ఏ వైరునూ కలపకుండా ఉండటం కొత్త కాదు. కొన్ని ఇళ్లలో ఎర్త్‌ను నీళ్ల గొట్టానికే కట్టి వదిలేశారు. వీధిలోని గొట్టాన్ని ప్లాస్టిక్‌తో మార్చిన నాడే ఆ ఎర్త్ చచ్చిపోయింది. విలువ ఎక్కువగా వస్తే మరో కడ్డీ దించండి, లేదా తోట తవ్వుతున్నప్పుడే 25 చదరపు మిల్లీమీటర్ల ఒట్టి రాగి తీగను పొడవుగా పాతిపెట్టండి. నేల తేమగా ఉండే దిక్కును ఎంచుకోండి.

డిఫరెన్షియల్ గురించి ఇంకొక్క మాట. ఇంటికి కనీసం రెండు ఉండాలని, ఒక్కోదాని కింద ఎనిమిది సర్క్యూట్లకు మించరాదని, లైట్లన్నీ ఒకే దాని కింద, సాకెట్లన్నీ ఒకే దాని కింద పెట్టరాదని 2015 సవరణ నుంచి ఉన్న నిబంధన. రాత్రివేళ ఒకటి పడిపోతే ఇల్లంతా చీకటి కాకూడదన్నది దీని వెనుక ఉన్న ఆలోచనల్లో ఒకటి. ఈనాటి ఎలక్ట్రానిక్ పరికరాలన్నీ కొద్దికొద్దిగా ఎర్త్‌లోకి కారుతుంటాయి కనుక, అన్నిటినీ ఒకేదాని కింద చేరిస్తే ఏ లోపమూ లేకుండానే అది పదేపదే పడిపోతుందన్నది మరొకటి. వంట పొయ్యికి, వాషింగ్ మెషీన్‌కు ఎ రకం డిఫరెన్షియల్ కావాలి, ఎందుకంటే వాటిలోని ఎలక్ట్రానిక్స్ వల్ల కారే కరెంటు పూర్తి ఆల్టర్నేటింగ్ కాదు, మామూలు ఎసి రకం దాన్ని సరిగా పసిగట్టలేదు. ధరలో తేడా కొంతే గనుక ఇంటి మొత్తానికీ ఎ రకమే కొనమని నా సలహా.

ఈ పునాది పడ్డాక పట్టికలు తేలికే. వైరు వేడెక్కకముందే బ్రేకరు పడాలన్నదే ఇక్కడ మూలసూత్రం. ఒకటిన్నర చదరపు మిల్లీమీటర్ల వైరుకు 16 ఆంపియర్లు, రెండున్నరకు 20, ఆరుకు 32 అన్న జోడింపులను గుర్తుపెట్టుకోండి. తరువాత 230తో గుణించండి. 32 ఆంపియర్లంటే దాదాపు 7,360 వాట్లు, అందుకే ఇండక్షన్ పొయ్యికి ఆరు చదరపు మిల్లీమీటర్ల వైరు. 20 ఆంపియర్లంటే 4,600 వాట్లు, అందుకే ఆ సర్క్యూట్ మీద హీటర్లు 4,500 వాట్లకు మించరాదు. సాకెట్లు ఒకటిన్నర వైరు మీద ఎనిమిది, రెండున్నర వైరు మీద పన్నెండు వరకు; లైటు పాయింట్లు సర్క్యూట్‌కు ఎనిమిది. గాలి మార్పిడి ఫ్యానుకు మాత్రం రెండు ఆంపియర్ల బ్రేకరు పెట్టాలనడం చూసి ఆశ్చర్యపోతారు. ఏళ్ల తరబడి రాత్రింబవళ్లు తిరిగే చిన్న మోటారు ఇరుక్కుపోతే తగలబడకుండా ఉండటానికే అది.

వంటింట్లో ఆరు సాకెట్లు, వాటిలో నాలుగు వంట గట్టు పైన, వాటికి విడిగా ఒక సర్క్యూట్. సింకు పైన, పొయ్యి పైన సాకెట్ పెట్టరాదు. ఓవెన్, వాషింగ్ మెషీన్, డిష్‌వాషర్ వంటివాటికి వేటికవే సర్క్యూట్లు. పడకగదికి మూడు, కూర్చునే గదికి ప్రతి నాలుగు చదరపు మీటర్లకు ఒకటి చొప్పున కనీసం ఐదు. మన ఇళ్లలో మిక్సీ, గ్రైండర్, రైస్ కుక్కర్, నీళ్ల ఫిల్టర్ ఒకే గట్టు మీద చేరతాయి కనుక ఈ కనీసాలను నిజంగా కనీసాలుగానే చూసి, వంట గట్టు మీద ఎక్కువ పెట్టుకోండి. పెంచితే రెండో సర్క్యూట్ కూడా వేయండి.

స్నానాల గది అధ్యాయం తొందరపడి చదవవలసినది కాదు. తడి ఒంటికి నిరోధం బాగా తగ్గిపోతుంది, పైగా కాళ్లకు చెప్పులుండవు. అందుకే గదిని ఊహా రేఖలతో భాగాలు చేశారు: తొట్టి లోపలి భాగం సున్నా, దాని పైన 2.25 మీటర్ల ఎత్తు వరకు ఒకటి, దాని అంచు నుంచి పక్కకు 60 సెంటీమీటర్ల వరకు రెండు. మామూలు సాకెట్ ఈ భాగాలన్నిటికీ బయటే ఉండాలి. తొట్టి లేకుండా నేల మీదే నీళ్లు పారే షవర్ పెడుతున్నారేమో చూసుకోండి. అప్పుడు నీళ్లు వచ్చే చోటు నుంచి 1.20 మీటర్ల వ్యాసార్ధం లెక్కలోకి వస్తుంది, చిన్న గదుల్లో దీనివల్ల సాకెట్‌కు చోటే మిగలకపోవచ్చు. కనుక షవర్ ఎక్కడన్నది వైరింగ్ గీతకు ముందే ఖాయం చేసుకోవాలి, తరువాత ప్లంబర్ ఒక అడుగు జరిపినా మీ గీత తప్పవుతుంది. లోహపు గొట్టాలు, లోహపు కిటికీ చట్రం, తొట్టి లోహానిదైతే అదీ, అన్నిటినీ ఎర్త్ తీగతో ఒకదానికొకటి కలపాలి. ఆ తీగ పైపులో ఉంటే 2.5, విడిగా ఉంటే 4 చదరపు మిల్లీమీటర్లు. టైల్స్ వేశాక ఈ పని చేయడం దాదాపు అసాధ్యం.

ఇప్పుడు మేనమామగారి దగ్గర నేర్చిన అలవాట్లు. మన దగ్గర పాత పద్ధతిలో ఎరుపు, పసుపు, నీలం ఫేజులు, నలుపు న్యూట్రల్. ఫ్రాన్సులో నీలం న్యూట్రల్‌కే కేటాయించారు, పచ్చ-పసుపు ఎర్త్‌కే. నలుపు సహా మిగతా రంగులు ఫేజ్ కావచ్చు. నల్ల వైరు చూడగానే ఇది న్యూట్రలే అని చెయ్యి ముందుకు పోయే అలవాటు మీకుంటే, మొదటి రోజు నుంచే దాన్ని మాన్పించుకోండి. పైగా మీ పాత ఇంట్లో ఈనాటి రంగులకు ముందు వేసిన వైర్లుంటాయి; గుడ్డ చుట్టిన వైర్ల మీద ఏ రంగునూ నమ్మవద్దు. స్క్రూడ్రైవర్ టెస్టరులో లైటు వెలగలేదు కనుక కరెంటు లేదని నిర్ధారించుకోవడం మరో అలవాటు. రెండు మొనల వోల్టేజి టెస్టరు కొనండి. కరెంటు ఉన్న చోట ముందుగా సరిచూసి, పని చేసే చోట చూసి, మళ్లీ కరెంటు ఉన్న చోట చూడండి. వైర్లు మెలిపెట్టి టేపు చుట్టడం ఇక్కడ కుదరదు. ప్రతి అతుకూ తగిన కనెక్టరుతో, మూత తీస్తే కనబడే డబ్బాలోనే ఉండాలి, ఆ డబ్బాను ప్లాస్టరు కింద పూడ్చకూడదు. వైరును పైపు లేకుండా గోడలో పెట్టకూడదు, పైపు లోపలి వైశాల్యంలో మూడో వంతుకు మించి నింపకూడదు. సర్క్యూట్ బ్రేకరు ఫేజ్‌తో పాటు న్యూట్రల్‌నూ తెంచాలి కనుక ప్రతి సర్క్యూట్‌కూ న్యూట్రల్ బోర్డు నుంచే విడిగా రావాలి. లైటు న్యూట్రల్‌ను పక్క సాకెట్ నుంచి అరువు తెచ్చుకునే మన పద్ధతికి ఇక్కడ చోటు లేదు. అలా తెస్తే రెండు సర్క్యూట్లు వేర్వేరు డిఫరెన్షియల్ల కింద ఉన్నప్పుడు లైటు వేయగానే రెండూ పడిపోతాయి, కారణం వెతకడానికి రోజులు పడుతుంది.

బోర్డుకు సంబంధించి పెద్దగా కష్టమేమీ లేదు. నేల నుంచి పైకప్పు వరకు 60 సెంటీమీటర్ల వెడల్పు, 25 సెంటీమీటర్ల లోతు గల చోటును దానికే కేటాయించండి, అందులో నీళ్ల గొట్టం గానీ గ్యాసు గొట్టం గానీ పోకూడదు. బోర్డులో ఐదో వంతు ఖాళీ ఉంచండి. ప్రతి బ్రేకరు కింద అది ఏ గదిదో ఫ్రెంచిలోనే రాయండి. తనిఖీ అధికారి చదవగలగాలి, రేపు ఇల్లు కొనేవారూ చదవగలగాలి.

మీరు ముట్టుకోకూడనివి కూడా ఉన్నాయి. మీటరు, సీలు వేసిన భాగాలు, వీధి నుంచి వచ్చే కేబుల్ ఎనెదిస్ బాధ్యత. ఎలక్ట్రిక్ కారు కోసం 3.7 కిలోవాట్లకు మించిన ఛార్జర్ పెట్టాలనుకుంటే దానికి అర్హత ధ్రువపత్రం ఉన్న ఎలక్ట్రీషియన్ తప్పనిసరి అని 2017 నుంచి నియమం. ఆ ఒక్క లైనును వారికే వదిలి, పైపు మాత్రం మీరు ముందుగా వేసి ఉంచవచ్చు.

నేర్చుకున్నది సరిగా పట్టుబడిందో లేదో తెలుసుకోవడానికి గోడ తాకకముందే ఒక పని చేయండి. ఇంటి ప్లాను మీద ప్రతి సాకెట్, ప్రతి లైటు గుర్తించి, ఏది ఏ సర్క్యూట్‌దో, ఏ వైరో, ఏ బ్రేకరో, ఏ డిఫరెన్షియల్ కిందో ఒక్కో సర్క్యూట్‌లోని వైర్లన్నిటినీ ఒకే గీతగా చూపిస్తూ కాగితం మీద గీయండి. కోన్సుయెల్‌కు ధ్రువపత్రం పంపేటప్పుడు, తనిఖీ అధికారి వచ్చినప్పుడు ఈ గీతే మీకు ఆధారం. గీయలేక ఆగిన ప్రతి చోటా ఇంకా చదవవలసినది మిగిలి ఉందన్నమాట. వైర్లు వేశాక, ప్లాస్టరు పడకముందు ప్రతి గోడనూ టేపు కొలతతో సహా ఫోటో తీసి దాచండి. సామాను బిల్లులు కూడా ఉంచండి, ఏదైనా నష్టం జరిగినప్పుడు బీమా వారు అడగవచ్చు. వృత్తి ఎలక్ట్రీషియన్లకంటే సొంతంగా చేసుకునేవారికి కోన్సుయెల్ రుసుము ఎక్కువే, దానికీ లెక్క వేసుకోండి. కరెంటు కావలసిన తేదీకి కనీసం మూడు నాలుగు వారాల ముందే కాగితాలు పంపండి. తనిఖీలో లోపం రాస్తే సరిచేసి మళ్లీ చూపించుకునే వ్యవధి కూడా అందులో ఉండాలి. మీ గీత సిద్ధమయ్యాక ఇక్కడే పెట్టండి, స్నానాల గది కొలతలు, ఎర్త్ విలువ కూడా రాయండి. వరుసగా చూసి చెబుతాను.